డీజిల్ బండ్ల ఎలక్ట్రికల్ పనిలో ఆసిలోస్కోప్: తరచుగా అడిగే ప్రశ్నలు

రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, కోరాపుట్, జయపురం వైపు షెడ్లు నడిపే మన తెలుగు మెకానిక్‌లు, ఆటో ఎలక్ట్రీషియన్లు ఫోన్‌లో అడిగే సందేహాలు తిరిగి తిరిగి ఇవే. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మన దగ్గర ఒక సెన్సారో ఇంజెక్టరో కావాలంటే విశాఖపట్నం నుంచో, విజయనగరం నుంచో, బరంపురం నుంచో రావాలి. అది వచ్చేదాకా బండి షెడ్డులోనే, ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు. తీరా బిగించాక తప్పు దానిది కాదని తేలితే, ఎలక్ట్రికల్ సామాను షాపులో వాపసు తీసుకోరు. కాబట్టి సామాను చెప్పేముందు సిగ్నల్ చూడాలి. కింద ప్రతి జవాబూ దేనికదే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## కొనే ముందు

మల్టీమీటర్ ఉంది, స్కానర్ ఉంది. మళ్లీ స్కోప్ ఎందుకు?

మీటర్ చూపించేది కాస్త సేపటి సగటు. స్కోప్ చూపించేది వోల్టేజ్ క్షణక్షణానికీ ఎలా మారిందో ఆ గ్రాఫ్. 60 పళ్ల లెక్కన చేసిన క్రాంక్ వీల్ (క్రాంక్ షాఫ్ట్‌తో తిరిగే పళ్ల చక్రం) 750 ఆర్‌పీఎం ఐడిల్‌లో తిరుగుతుంటే ఒక్కో పన్ను సెన్సార్ ముందు నుంచి 1.3 మిల్లీసెకన్లలో దాటిపోతుంది. అందులో ఒక పన్ను దగ్గర సిగ్నల్ తెగితే మీటర్ ముల్లుకీ, అంకెకీ తెలియదు. ఇంజన్‌కి మాత్రం తెలుస్తుంది, దగ్గుతుంది.

స్కానర్ సంగతి వేరు. అది ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) ఏమనుకుంటోందో చెబుతుంది. ‘క్రాంక్ సెన్సార్ సర్క్యూట్’ అని కోడ్ వస్తే, తప్పు సెన్సార్‌ది కావచ్చు, వైర్‌ది, కప్లర్‌ది, వీల్ పన్నుది, గ్యాప్‌ది, ఎర్త్‌ది కావచ్చు. కోడ్ చూసి సెన్సార్ మార్చేయడం వల్లే మన ఓనర్లు ఎక్కువగా నష్టపోతున్నారు. ఇందులో ఏదో తేల్చడానికే స్కోప్.

మా దగ్గరికి పాత మెకానికల్ పంపు లారీలు కూడా వస్తాయి. వాటికి పనికొస్తుందా?

పనికొస్తుంది. నాజిల్, పంపు జోలికి పోలేం కానీ సెల్ఫ్, బ్యాటరీ, డైనమో, స్టాప్ సోలనాయిడ్, హీటర్ ప్లగ్, రిలేలు అన్నీ స్కోప్‌తో చూడొచ్చు. ఇంజన్ విప్పకుండా కంప్రెషన్ పోల్చుకోవడం పాత బండిలో ఇంకా తేలిక. దేశమంతటా 2017 ఏప్రిల్‌లో బీఎస్4, 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక కామన్ రైల్ (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే పైపులోంచి హై ప్రెషర్ డీజిల్ ఇచ్చే పద్ధతి), దాని సెన్సార్లు, పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సార్లు, పొగ శుద్ధికి యూరియా ద్రవం పంపే యాడ్‌బ్లూ పంపులు పెరిగాయి. ఇలాంటి బండ్లు ఎక్కువగా వచ్చే షెడ్డులో స్కోప్ లేకుండా పని ముందుకు సాగదు.

ఎలాంటి స్కోప్ కొనాలి? చవకది చాలా?

రెండు చానెళ్లు తప్పనిసరి, నాలుగుంటే హాయి. కొనేటప్పుడు మూడు విషయాలు చూడండి.

మొదటిది శాంపిల్ రేటు, అంటే స్కోప్ సెకనుకు ఎన్నిసార్లు వోల్టేజ్ కొలుస్తుందో. సెన్సార్లకీ, సెల్ఫ్‌కీ పెద్ద స్పీడు అక్కర్లేదు. కేన్ లైన్ (ఈసీయూ, మిగతా మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల డేటా లైన్) చూడాలంటే మాత్రం కావాలి. సెకనుకు 5 లక్షల బిట్ల కేన్‌లో ఒక బిట్ నిడివి 2 మైక్రోసెకన్లే. దాని ఆకారం సరిగా కనిపించాలంటే చానెల్‌కి సెకనుకు కనీసం 50 లక్షల శాంపిళ్లు ఉండాలి. కొన్ని చవక 8 చానెళ్ల డబ్బాల్లో ఇది దొరకదు. వాటితో సెన్సార్ పని నడుస్తుంది, కేన్ పని నడవదు.

రెండోది మెమరీ. పది సెకన్ల క్రాంకింగ్ మొత్తం రికార్డ్ చేసి, తర్వాత దగ్గరికి లాగి చూసుకునేలా ఉండాలి. నా దృష్టిలో చానెళ్ల సంఖ్య కంటే ఇదే ముఖ్యం.

మూడోది బిట్లు. 8 బిట్ల స్కోప్ రేంజ్‌ని 256 మెట్లుగా విడగొడుతుంది. ప్లస్ మైనస్ 50 వోల్టుల రేంజ్‌లో ఒక మెట్టు దాదాపు 0.4 వోల్టు. 12 బిట్లయితే 4096 మెట్లు, ఒక మెట్టు 0.025 వోల్టు కంటే తక్కువ. 24 వోల్టుల లారీలో చిన్న ఎర్త్ డ్రాప్ చూసేటప్పుడు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

స్కోప్‌తో పాటు ఇంకేం కొనాలి?

కరెంట్ క్లాంప్‌లు (వైర్ చుట్టూ పెట్టి కరెంట్ కొలిచేవి) రెండు. ఇంజెక్టర్, రిలే, పంపు కోసం 60 ఆంపియర్ల దాకా కొలిచే చిన్నది. సెల్ఫ్ కోసం 600 ఆంపియర్లో ఇంకా ఎక్కువో కొలిచే పెద్దది. డీసీ కొలిచే రకమే తీసుకోండి. ఇళ్ల వైరింగ్‌వాళ్లు వాడే ఏసీ క్లాంప్ ఇక్కడ పనిచేయదు. ఇంజెక్టర్ వోల్టేజ్ చూడటానికి వోల్టేజ్‌ని ఇరవయ్యో వంతుకి తగ్గించే 20:1 అటెన్యూయేటర్, కప్లర్ వెనక నుంచి దూర్చే సన్నటి పిన్నులు కూడా కావాలి.

వైర్ తొడుగుని సూదితో పొడవకండి. ఇచ్ఛాపురం, బరంపురం వైపు ఉప్పుగాలికి ఆ చిన్న రంధ్రంలోంచే రాగి పచ్చబడటం మొదలవుతుంది. తప్పనిసరై పొడిస్తే, పని కాగానే నెయిల్ పాలిషో లిక్విడ్ టేపో పూసేయండి.

## తగిలించేటప్పుడు

ఎర్త్ క్లిప్ ఎక్కడ పెట్టాలి? చానెల్‌కొక చోట పెట్టొచ్చా?

బ్యాటరీ నెగటివ్ మీద పెట్టండి. చాలా స్కోపుల్లో అన్ని చానెళ్ల ఎర్త్‌లూ లోపల కలిసే ఉంటాయి. ఒక ఎర్త్ క్లిప్ చాసిస్ మీద, ఇంకోటి పాజిటివ్ మీద పెడితే బ్యాటరీ కరెంటంతా స్కోప్ గుండానే పోతుంది. లీడ్ కాలుతుంది, స్కోప్ పోతుంది.

24 వోల్టుల లారీలో పై బ్యాటరీని (పాజిటివ్ వైపుది) విడిగా చూడాలనుకున్నప్పుడు ఈ ప్రమాదం ఎక్కువ. ఎర్త్ క్లిప్‌ని రెండు బ్యాటరీల మధ్య ఉన్న లింక్ మీద పెట్టాలనిపిస్తుంది. ఇంకో చానెల్ ఎర్త్ చాసిస్ మీద ఉందంటే కింది బ్యాటరీ షార్ట్ అయినట్టే. దానికి బదులు ఎర్త్‌లు రెండూ నెగటివ్ మీదే ఉంచి, ఎ చానెల్ మొత్తం పాజిటివ్ మీద, బి చానెల్ మధ్య లింక్ మీద పెట్టండి. సాఫ్ట్‌వేర్‌లో ‘ఎ మైనస్ బి’ అనే మ్యాథ్ చానెల్ వేస్తే పై బ్యాటరీ వోల్టేజ్ విడిగా వస్తుంది.

లాప్‌టాప్ చార్జింగ్ పెట్టి పని చేయొచ్చా?

వద్దు. బ్యాటరీ మీదే నడపండి. చార్జర్ పెడితే షెడ్డు కరెంటు ఎర్త్, బండి ఎర్త్ కలిసే దారి ఏర్పడొచ్చు. గ్రాఫ్‌లో 50 హెర్ట్జ్ రొద కూడా చేరుతుంది. ఆ రొదని చూసి సెన్సార్ పాడైందనుకునే ప్రమాదం ఉంది.

డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) 415 వోల్టుల వైపు ఈ స్కోప్ పెట్టొచ్చా?

పెట్టకండి. ప్రాణం మీదికి వస్తుంది. ఆ వైపు చూడాలంటే ఆ వోల్టేజ్‌కి రేటింగ్ ఉన్న డిఫరెన్షియల్ ప్రోబ్ ఉండాలి, ఆ పని తెలిసిన మనిషీ ఉండాలి. డీజీ సెట్‌లో మన స్కోప్ పని బ్యాటరీ, సెల్ఫ్, గవర్నర్ యాక్చుయేటర్, ఫ్లైవీల్ దగ్గరి మాగ్నెటిక్ పికప్ వరకే. పికప్ లెక్క తేలిక: ఫ్లైవీల్ పళ్లు ఇంటూ ఆర్‌పీఎం, బై 60. పళ్లు 120, స్పీడు 1500 అయితే 3000 హెర్ట్జ్ రావాలి. స్పీడు ఊగుతోందన్న కంప్లైంట్ వస్తే, ఈ గ్రాఫ్‌లో ఎత్తు చక్రానికొకసారి తగ్గుతోందా, లేక అంతటా సమంగా ఉందా చూడండి. చక్రానికొకసారి తగ్గితే రింగ్ గేర్ పన్ను విరిగిందో, ఫ్లైవీల్ పక్కకి ఆడుతోందో అనుకోవాలి.

మొదట్లో రేంజ్, టైమ్ ఎంత పెట్టుకోవాలి?

స్క్రీన్ మొత్తానికి ఇలా మొదలుపెట్టి, తర్వాత సర్దుకోండి.

- సెల్ఫ్ కరెంట్: పెద్ద క్లాంప్, 600 ఆంపియర్లు, 2 సెకన్లు
- బ్యాటరీ వోల్టేజ్: 12 వోల్టుల బండికి 20 వోల్టులు, 24కి 50 వోల్టులు
- క్రాంక్ సెన్సార్, సెల్ఫ్ కొట్టేటప్పుడు: ప్లస్ మైనస్ 20 వోల్టులు, అర సెకను
- ఇంజెక్టర్ కరెంట్: 30 ఆంపియర్లు, 5 మిల్లీసెకన్లు
- కేన్: 5 వోల్టులు, 200 మైక్రోసెకన్లు

క్లాంప్ తగిలించే ముందు దాని సున్నా బటన్ నొక్కడం మరవకండి.

## స్టార్ట్ కాని బండి

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, బండి అందుకోవట్లేదు. ఏది ముందు చూడాలి?

నాలుగు చానెళ్లుంటే ఒకే దెబ్బతో సగం పని అయిపోతుంది. ఒకటి బ్యాటరీ వోల్టేజ్ మీద, రెండు క్రాంక్ సెన్సార్ మీద, మూడు రైల్ ప్రెషర్ సెన్సార్ సిగ్నల్ వైర్ మీద, నాలుగో చానెల్‌కి చిన్న క్లాంప్ పెట్టి ఒక ఇంజెక్టర్ వైర్ మీద. పది సెకన్లు సెల్ఫ్ కొట్టి ఆపేయండి. ఇక గ్రాఫ్ ముందు తీరిగ్గా కూర్చోండి.

క్రాంక్ సిగ్నల్ లేకపోతే ఇంజన్ తిరుగుతోందనే ఈసీయూకి తెలియదు, ఇంజెక్టర్‌కి పల్స్ ఇవ్వదు. క్రాంక్ సిగ్నల్ ఉండి రైల్ ప్రెషర్ లేవకపోతే డీజిల్ వైపు వెళ్లండి: ఫిల్టర్, గాలి, లో ప్రెషర్ పంపు, మీటరింగ్ వాల్వ్, రిటర్న్ (వెనక్కి పోయే డీజిల్) ఎక్కువైన ఇంజెక్టర్లు. క్రాంక్, ప్రెషర్ రెండూ ఉండి ఇంజెక్టర్ కరెంట్ రాకపోతే ఏ సిలిండర్ వంతో చెప్పే క్యామ్ సిగ్నల్, దొంగతనం ఆపే ఇమ్మొబిలైజర్, ఈసీయూ సప్లై చూడాలి. ఇంజెక్టర్ కరెంట్ కూడా వచ్చి స్టార్ట్ కాకపోతే కారణం ఎలక్ట్రికల్ కాకపోవచ్చు. కంప్రెషన్, టైమింగ్, ఇంజెక్టర్ లోపలి భాగం మీదికి దృష్టి పెట్టండి. ఈ వరుసలో వెళ్తే ఒక్క నట్టు విప్పకుండానే ఏ వైపు వెళ్లాలో తెలిసిపోతుంది.

ఇంజన్ విప్పకుండా ఏ సిలిండర్ కంప్రెషన్ తగ్గిందో తెలుస్తుందా?

తెలుస్తుంది. స్కోప్ కొన్నందుకు మొదటి నెలలోనే ఫలితమిచ్చే టెస్ట్ ఇదే. పిస్టన్ గాలిని నొక్కే ప్రతిసారీ సెల్ఫ్ మోటార్ మీద బరువు పడుతుంది, కరెంట్ పెరుగుతుంది. ఆ కరెంట్‌ని పెద్ద క్లాంప్‌తో చూస్తే సిలిండర్‌కొక గుబ్బ వస్తుంది. 200 ఆర్‌పీఎం దగ్గర నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో గుబ్బకీ గుబ్బకీ మధ్య 150 మిల్లీసెకన్లు, ఆరు సిలిండర్లలో 100.

ముందు ఇంజన్ స్టార్ట్ కాకుండా చూడాలి. పాత బండిలో స్టాప్ నొక్కి పెట్టండి. కామన్ రైల్‌లో ఇగ్నిషన్ ఆఫ్ చేశాక ఇంజెక్టర్ కప్లర్లు తీయండి. క్లాంప్‌ని బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి వెళ్లే లావు కేబుల్‌కి పెట్టి ఐదారు సెకన్లు తిప్పండి. మొదట వచ్చే పెద్ద శిఖరాన్ని వదిలేయండి. ఆగి ఉన్న మోటార్ కదలడానికి తీసుకునే కరెంట్ అది. తర్వాతి గుబ్బలన్నీ ఒకే ఎత్తులో ఉంటే కంప్రెషన్ సమంగా ఉన్నట్టు. నాలుగింట్లో ఒకటి ప్రతిసారీ పొట్టిగా వస్తుంటే ఆ సిలిండర్ బలహీనం.

అది ఎన్నో నంబర్ సిలిండరో ఎలా? హీటర్ ప్లగ్ ఉన్న ఇంజనైతే 1వ సిలిండర్ ప్లగ్ విప్పి మళ్లీ తిప్పండి. దాని గుబ్బ దాదాపు మాయమవుతుంది. అక్కణ్నుంచి ఫైరింగ్ ఆర్డర్ ప్రకారం లెక్కపెట్టండి: నాలుగు సిలిండర్లకి మామూలుగా 1-3-4-2, ఆరింటికి 1-5-3-6-2-4. ఒక హద్దు గుర్తుంచుకోండి. ఇది సిలిండర్లను ఒకదానితో ఒకటి పోల్చే టెస్ట్ మాత్రమే. అన్నీ సమానంగా అరిగిపోయిన ఇంజన్‌లో గుబ్బలు చక్కగా సమంగానే వస్తాయి.

సెల్ఫ్ బరువుగా తిరుగుతోంది. బ్యాటరీనా, సెల్ఫా, ఎర్తా?

వోల్టేజ్, కరెంట్ రెండూ ఒకేసారి చూడండి. కరెంట్ బాగా ఎక్కువ తీసుకుంటూ నెమ్మదిగా తిరిగితే సెల్ఫ్ లోపలి అరుగుదల, లేదా ఇంజన్ బిగుసుకోవడం. కరెంట్ తక్కువ, తిరగడమూ నెమ్మది, బ్యాటరీ వోల్టేజ్ మాత్రం బాగానే ఉంటే కేబుల్, లగ్గు, ఎర్త్ పట్టీల్లో అడ్డు ఉంది. కరెంట్ మామూలుగా ఉండి వోల్టేజ్ కూలిపోతుంటే బ్యాటరీ. 12 వోల్టుల బండిలో సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ 9.6కి, 24 వోల్టుల దానిలో 19కి తగ్గకూడదు.

ఎర్త్ అనుమానముంటే స్కోప్ ఎర్త్ బ్యాటరీ నెగటివ్ పోస్ట్ మీద, ప్రోబ్ సెల్ఫ్ బాడీ మీద పెట్టి తిప్పండి. అర వోల్టు దాటితే ఎర్త్ దారి శుభ్రం చేయాలి. దమన్‌జోడి వైపు తిరిగే టిప్పర్లలో ఎర్రటి బాక్సైట్ దుమ్ము లగ్గుల కింద పేరుకుని, వానలకి గట్టిపడి ఉంటుంది. పైకి బోల్టు బిగుతుగానే కనిపిస్తుంది, విప్పి చూస్తే గానీ తెలియదు.

24 వోల్టుల లారీలో పాటల కోసం కింది బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగారేమో కూడా చూడండి. ఆ ఒక్కటే ఎక్కువ ఖాళీ అవుతుంది, పైది ఎక్కువ చార్జ్ అవుతుంది, చివరికి రెండూ పాడవుతాయి.

క్రాంక్ సెన్సార్ మంచిదో కాదో గ్రాఫ్‌లో ఎలా తెలుస్తుంది?

రెండు వైర్లుంటే చాలావరకు కాయిల్ రకం. దానంతట అదే అలల్లాంటి ఏసీ పుట్టిస్తుంది, స్పీడు పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు పై నుంచి కింది దాకా ఒక వోల్టుకైనా తగ్గకూడదు. మూడు వైర్లుంటే చాలావరకు హాల్ రకం. చదరపు గ్రాఫ్ వస్తుంది, స్పీడు మారినా ఎత్తు మారదు.

బాష్ కామన్ రైల్ ఇంజన్లలో తరచుగా కనిపించే వీల్ 60 మైనస్ 2 రకం: 58 పళ్లు, రెండు పళ్ల ఖాళీ. ఖాళీ దగ్గర ఆకారం చక్రానికొకసారి స్పష్టంగా రావాలి. మిగతా అలలన్నీ ఒకే తీరుగా ఉండాలి. ఒకచోట మాత్రమే అల పొట్టిగా ఉంటే పన్ను దెబ్బతింది. చక్రమంతా నెమ్మదిగా పెరిగి తగ్గుతుంటే వీల్ వంకర. అన్నీ పొట్టిగా ఉంటే గ్యాప్ ఎక్కువ, లేదా సెన్సార్ కొనకి ఇనుప రజను అంటుకుంది. రెండు వైర్ల సెన్సార్ కప్లర్ కొత్తది వేసినప్పుడు వైర్లు తారుమారైతే గ్రాఫ్ తలకిందులవుతుంది. ఎత్తు సరిగ్గానే ఉంటుంది, మీటర్‌లో అంతా బాగానే కనిపిస్తుంది, బండి మాత్రం స్టార్ట్ కాదు, లేదా చాలాసేపు తిప్పితే గానీ అందుకోదు.

వేడెక్కాక ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంది. షెడ్డుకొచ్చేసరికి అంతా బాగుంటుంది. ఎలా పట్టుకోవాలి?

సాలూరు నుంచి సుంకి, పొట్టంగి మీదుగా ఘాటీ ఎక్కే బండ్లలో ఈ కంప్లైంట్ ఎక్కువ. షెడ్డులో పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచితే ఘాటీలో ఎక్కేంత వేడి ఎక్కదు. క్రాంక్ సెన్సార్ వైర్లకి కప్లర్ వెనక నుంచి పిన్నులు దూర్చి, లీడ్ క్యాబిన్‌లోకి తెచ్చి, రికార్డింగ్ పెట్టి బండిని ఎక్కించండి. లీడ్‌ని ఎగ్జాస్ట్‌కి, ఫ్యాన్ బెల్ట్‌కి దూరంగా కట్టాలి. డ్రైవర్ బండి నడపాలి, స్క్రీన్ మీరు చూడాలి. ఒక్కరే రెండూ చేయకండి.

ఇలాంటి గ్రాఫ్ ఒకటి వివరంగా చెబుతాను. కింద మైదానంలో అలలు నిండుగా ఉన్నాయి. మలుపులు మొదలై ఇంజన్ వేడెక్కేకొద్దీ ఎత్తు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. తర్వాత అక్కడక్కడా ఒక్కో అల పూర్తిగా మాయం, మళ్లీ వచ్చింది. తర్వాత ఒక్కసారిగా సన్నటి గీత, ఇంజన్ ఆగింది. రెండో చానెల్‌లో పెట్టిన ఇగ్నిషన్ సప్లై గీతలో అప్పుడు ఏ మార్పూ లేదు. అంటే ఇగ్నిషన్ సప్లై పోలేదు, ముందు పోయింది సెన్సార్ సిగ్నలే. సెన్సార్ కాయిల్ లోపలి తీగ వేడికి సాగి తెగుతోంది, చల్లారాక మళ్లీ అంటుకుంటోంది. ఇంజన్ ఆగి సిగ్నల్ పోయిందా, సిగ్నల్ పోయి ఇంజన్ ఆగిందా అన్నది తేల్చుకోవాలి. మొదటి రకంలో ఆగేముందు అలలు దూరం దూరమవుతాయి. రెండో రకంలో అదే స్పీడులో ఉండగానే మాయమవుతాయి.

రైల్ ప్రెషర్ సెన్సార్ వోల్టేజ్ ఎంత ఉండాలి?

మూడు వైర్లు: 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్. ప్రెషర్ లేనప్పుడు సిగ్నల్ సుమారు 0.5 వోల్టు, గరిష్ఠ ప్రెషర్ దగ్గర 4.5. సెన్సార్ 1800 బార్ రకమైతే 300 బార్ ఐడిల్‌లో దాదాపు 1.17 వోల్టు రావాలి. 200 బార్ దగ్గర 0.94. చాలా ఇంజన్లకి అందుకోవడానికి దాదాపు 200 బార్ కావాలి. సెల్ఫ్ కొట్టగానే గ్రాఫ్ ఒకటి రెండు సెకన్లలో పైకి లేవాలి. లేచి మళ్లీ జారుతుంటే ఎక్కడో ప్రెషర్ వదులుతోంది. ఇగ్నిషన్ ఆన్ చేసి ఇంజన్ ఆగి ఉండగానే 0.5 కంటే బాగా ఎక్కువ చూపిస్తుంటే సెన్సార్‌నో, దాని ఎర్త్‌నో అనుమానించండి.

చలికాలం తెల్లవారుజామున స్టార్ట్ కావట్లేదు. హీటర్ ప్లగ్‌లు ఎలా చూడాలి?

సిమిలిగూడ, పొట్టంగి వైపు డిసెంబర్, జనవరిలో ఇది రోజూ వచ్చే ప్రశ్న. ప్లగ్‌ల సప్లై వైర్ మీద డీసీ క్లాంప్ పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేయండి. మొదట ఎక్కువగా మొదలై, ప్లగ్ వేడెక్కేకొద్దీ కరెంట్ తగ్గాలి. 12 వోల్టుల ప్లగ్ ఒక్కోటీ స్థిరపడ్డాక సుమారు 8 నుంచి 12 ఆంపియర్లు తీసుకుంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో మొత్తంలో నాలుగో వంతు తక్కువుంటే ఒక ప్లగ్ చచ్చింది. కొత్త బండ్లలో తక్కువ వోల్టేజ్ ప్లగ్‌లు వస్తున్నాయి. వాటికి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులిస్తే కాలిపోతాయి. పెద్ద లారీల్లో ప్లగ్‌లకి బదులు ఇన్‌టేక్‌లో హీటర్ ఉండొచ్చు.

## నడుస్తున్న ఇంజన్

డైనమో చార్జింగ్ వస్తోంది, అయినా బ్యాటరీ దిగిపోతోంది. ఎందుకు?

మీటర్‌లో 14 వోల్టులో 28 వోల్టులో కనిపించినంత మాత్రాన డైనమో బాగున్నట్టు కాదు. లోపల ఆరు డయోడ్లు మూడు ఫేజుల ఏసీని డీసీగా మారుస్తాయి. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి ఇంజన్‌ని 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, స్కోప్‌ని ఏసీ కప్లింగ్‌లో (స్థిరమైన డీసీని తీసేసి హెచ్చుతగ్గులే చూపించే సెట్టింగ్) పెట్టి డైనమో పాజిటివ్ దగ్గర చూడండి. చిన్న చిన్న గుబ్బలు ఒకే తీరుగా రావాలి. 12 వోల్టుల బండిలో పై నుంచి కిందికి అర వోల్టు లోపు ఉంటే మంచిది. క్రమంగా ఒక లోతైన పల్లం మళ్లీ మళ్లీ వస్తుంటే డయోడ్ పోయింది.

రాత్రంతా నిలబెడితే బ్యాటరీ దిగుతోందా? ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ తీసి, డైనమో పెద్ద వైర్ మీద చిన్న క్లాంప్ పెట్టండి. కరెంట్ దాదాపు సున్నా ఉండాలి. అలా లేకపోతే డయోడ్ వెనక్కి లీక్ అవుతోంది. రెక్టిఫయర్ ప్లేట్ మారిస్తే సరిపోతుంది, డైనమో మొత్తం మార్చనక్కర్లేదు.

ఇంజెక్టర్ పల్స్ ఎలా చూడాలి? షాక్ కొడుతుందా?

కొడుతుంది. సోలనాయిడ్ ఇంజెక్టర్‌ని తెరవడానికి ఈసీయూ 60 నుంచి 80 వోల్టుల దాకా ఇస్తుంది, పియెజో రకానికి (కాయిల్‌కి బదులు స్ఫటికంతో తెరుచుకునేది) 100 దాటుతుంది. అందుకే వోల్టేజ్ కంటే కరెంట్ చూడటమే మంచిదని నేనంటాను. ఒక వైర్ చుట్టూ చిన్న క్లాంప్ పెడితే చాలు, దేన్నీ తాకనక్కర్లేదు.

సోలనాయిడ్ గ్రాఫ్ మామూలుగా 18, 20 ఆంపియర్లకి నిటారుగా ఎక్కి, తర్వాత 10, 12 దగ్గర కాసేపు నిలబడి పడిపోతుంది. ఐడిల్‌లో మెయిన్ పల్స్‌కి ముందు చిన్న పైలట్ పల్స్‌లు కనిపిస్తాయి. యాక్సిలరేటర్ వదిలి దిగువకి వెళ్లేటప్పుడు పల్స్‌లు ఆగిపోతాయి, అది తప్పు కాదు. అన్ని ఇంజెక్టర్ల గ్రాఫ్‌లూ ఒకేలా ఉండి, ఒక సిలిండర్ మాత్రం పని చేయకపోతే వైరింగ్‌ని వదిలేసి ఇంజెక్టర్ లోపలి భాగం, కంప్రెషన్ చూడండి.

పియెజో ఇంజెక్టర్ కప్లర్‌ని ఇంజన్ నడుస్తుండగా ఎప్పుడూ తీయకండి. తెరుచుకున్న స్థితిలోనే ఉండిపోయి సిలిండర్‌లో డీజిల్ నిండిపోవచ్చు. ఇంజన్ పోతుంది.

ఘాటీలో పికప్ లేదు, మైదానంలో బాగుంది. స్కోప్‌తో తేలుతుందా?

కొంతవరకు. రైల్ ప్రెషర్, యాక్సిలరేటర్ పెడల్, బూస్ట్ (టర్బో గాలి ప్రెషర్) సెన్సార్ మూడూ కలిపి లోడ్ మీద రికార్డ్ చేయండి. పెడల్‌లో రెండు సిగ్నళ్లుంటాయి. చాలా బండ్లలో ఒకటి రెండోదానికి సగం. నొక్కుతున్నంతసేపూ రెండూ గీత గీసినట్టు సాగాలి. ఎక్కడైనా గుచ్చినట్టు పడిపోతే ఈసీయూ పవర్ తగ్గించేస్తుంది. పెడల్ నిండా నొక్కినా రైల్ ప్రెషర్ గ్రాఫ్ పైకి లేవకుండా కుంగిపోతుంటే, ముందు ఫిల్టర్ మార్చండి. అదే చవకైన పని.

గతుకుల్లో చెక్ లైట్ వెలిగి ఆరుతోంది. వైర్ ఎక్కడ తెగిందో ఎలా పట్టుకోవాలి?

ఐడిల్‌లో ఉంచి, అనుమానమున్న సిగ్నల్‌ని స్క్రీన్ మీద పెట్టి, వైరింగ్‌ని జానెడు జానెడుగా కదుపుతూ రండి. గ్రాఫ్ అదిరిన చోటే తప్పుంది. ఇంజన్ వెనక వైపు, బ్రాకెట్ కింద వైరింగ్ కట్టిన క్లిప్ దగ్గర ముందు చూడండి. పైన తొడుగు నిగనిగలాడుతూ ఉంటుంది. తిప్పి చూస్తే కింది వైపు ఇనుముకి రాసుకుని రాగి మెరుస్తూ కనిపిస్తుంది.

## కేన్ లైన్

కేన్ లైన్ మంచిదో కాదో ఎలా చూడాలి?

16 పిన్నుల డయాగ్నస్టిక్ కప్లర్‌లో 6వ పిన్ కేన్ హై, 14వ పిన్ కేన్ లో. రెండు చానెళ్లు పెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు రెండూ 2.5 వోల్టుల దగ్గర ఉంటాయి. డేటా నడిచేటప్పుడు హై 3.5కి ఎక్కుతుంది, అదే క్షణంలో లో 1.5కి దిగుతుంది. రెండూ ఒకే ఆకారంలో కలిసి కదులుతుంటే వైర్లు ఒకదానికొకటి షార్ట్ అయ్యాయి. ఒకటి సున్నా దగ్గరో బ్యాటరీ వోల్టేజ్ దగ్గరో అతుక్కుని ఉంటే ఆ వైర్ ఎర్త్‌కో పాజిటివ్‌కో తగులుతోంది. స్క్రీన్‌ని చూస్తూ మాడ్యూళ్ల కప్లర్లు ఒక్కొక్కటే తీయండి. ఏది తీసినప్పుడు గ్రాఫ్ బాగుపడిందో ఆ దారిలో వెతకండి.

లారీల్లో వాడే కేన్ రకం జే1939 చాలావరకు సెకనుకు రెండున్నర లక్షల బిట్లు, అంటే ఒక బిట్ 4 మైక్రోసెకన్లు.

కేన్ హై, కేన్ లో మధ్య 60 ఓమ్‌లు రావాలంటారు, 120 వస్తోంది. ఏంటి?

లైన్ రెండు కొనల్లో 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఒక్కోటి ఉంటాయి. రెండూ కలిపి 60. 120 వచ్చిందంటే ఒకటి కనిపించట్లేదు: ఆ రెసిస్టర్ పోయింది, లేదా దారిలో వైర్ తెగింది. ఇది స్కోప్ పని కాదు, మీటర్ పని. బ్యాటరీ తీసేసి కొలవండి.

## షెడ్డు అలవాట్లు

మంచి గ్రాఫ్ ఎలా ఉంటుందో నాకు తెలియదు కదా, దేంతో పోల్చాలి?

మీ దగ్గరికి సర్వీసుకి వచ్చిన ఆరోగ్యమైన బండ్లలోంచి మీరే పోగు చేసుకోండి. ఆయిల్ మార్చేలోపు పది నిమిషాల్లో సెల్ఫ్ కరెంట్, క్రాంక్ క్యామ్ కలిపి ఒకటి, డైనమో రిపుల్ (డీసీ మీద వచ్చే చిన్న గుబ్బలు), ఇంజెక్టర్ కరెంట్ తీసేయొచ్చు. ఫైల్ పేరులో బండి మోడల్, సంవత్సరం, కిలోమీటర్లు, ఇంజన్ వేడిగా ఉందా చల్లగా ఉందా రాయండి. టైమింగ్ గొలుసు ఒక పన్ను జారిందా అని చూడాలంటే క్రాంక్ క్యామ్ గ్రాఫ్‌ని అదే మోడల్ మంచి బండితో పోల్చడమే దారి. ఆ పాత ఫైల్ లేకపోతే ముందు కవర్ విప్పాల్సిందే.

ఓనర్ ‘సామాను ఏమీ మార్చలేదు కదా, డబ్బులెందుకు’ అంటాడు. ఏం చెప్పాలి?

చెక్ చేయడానికి చార్జీ ఎంతో బండి లోపలికి రాకముందే చెప్పండి. తర్వాత స్క్రీన్ చూపించండి. నాలుగు గుబ్బల్లో ఒకటి పొట్టిగా ఉన్నది ఎవరికైనా కనిపిస్తుంది, దానికి చదువక్కర్లేదు. బాగు చేసే ముందు, చేసిన తర్వాత ఫొటోలు రెండూ వాట్సాప్‌లో పంపండి.

ఈసీయూ పోయిందని చెప్పేముందు ఏం రుజువు ఉండాలి?

ఇది అన్నింటికంటే ఖరీదైన మాట, కాబట్టి తొందరపడకండి. మొదట ఈసీయూ సప్లై పిన్నులూ ఎర్త్ పిన్నులూ అన్నీ సెల్ఫ్ కొడుతున్నప్పుడు స్కోప్‌తో చూడాలి. ఊరికే ఉన్నప్పుడు 24 వోల్టులు చూపించే పిన్ సెల్ఫ్ కొట్టగానే కూలిపోవచ్చు. ఒక్క రిలే కాంటాక్ట్ కాలినా అంతే జరుగుతుంది.

తర్వాత సెన్సార్లకి ఇచ్చే 5 వోల్టులు. చాలా ఈసీయూల్లో ఒకే లైన్ రెండు మూడు సెన్సార్లకి వెళ్తుంది. ఒక సెన్సార్ లోపల షార్ట్ అయితే మిగతావన్నీ చచ్చినట్టు కోడ్‌లు వస్తాయి. స్క్రీన్ మీద ఆ 5 వోల్టుల గీతని పెట్టి సెన్సార్ కప్లర్లు ఒక్కొక్కటే తీయండి. ఒక కప్లర్ తీయగానే గీత ఠక్కున 5కి లేస్తే ఈసీయూ మంచిదే, ఆ సెన్సార్ దోషి. అన్నీ తీసినా లేవకపోతే ఈసీయూ కప్లర్‌లో ఆ వైర్‌ని వేరుచేసి పిన్ దగ్గరే చూడండి. వైర్ తీశాక లేస్తే తప్పు వైరింగ్‌లో ఉంది.

లోపలికి రావాల్సిన సప్లై, ఎర్త్, క్రాంక్, క్యామ్, రైల్ ప్రెషర్ అన్నీ పిన్ దగ్గర సరిగ్గా ఉండి, బయటికి పోవాల్సిన ఇంజెక్టర్ పల్స్ అదే రికార్డింగ్‌లో రాకపోతే, ఇమ్మొబిలైజర్ కూడా అడ్డు లేదని స్కానర్ చెబితే, అప్పుడు ఈసీయూ విప్పండి. ఆ రికార్డింగ్ ఫైల్‌ని ఈసీయూతో పాటు రిపేర్ చేసేవాళ్లకి పంపండి. ఏ పిన్ దగ్గర ఏం రాలేదో వాళ్లకి నేరుగా తెలుస్తుంది.